దాము నలుపు-తెలుపు ఎడిటర్

దీన్ని ఇంత ధైర్యంగా రాస్తున్నానంటే కారణం ఒక్కటే. ఇందులో వచ్చే మనుషుల్లో ఒక్కరికి కూడా తెలుగు చదవడం రాదు. తెలుగులో మాట్లాడతారు, తెలుగులో పోట్లాడతారు, ఇంట్లో దేవుడికి మొరపెట్టుకునేదీ తెలుగులోనే. అక్షరాలు మాత్రం రావు. పుదుచ్చేరిలో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళలో చాలామంది సంగతి ఇంతే. నేను నెల్లూరు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని కాబట్టి నాకు అక్షరాలు వచ్చు. మా ఆఫీసు యజమాని రంగరాజులు సార్‌కి ఇందులో ఏముందో తెలియాలంటే నన్నే పిలిచి చదివించుకోవాలి. అప్పుడు ఆయనకు నచ్చని ముక్కలు నేనే దాటేస్తాను.

ప్రోగ్రామర్‌గా పనిచేసి రిటైరయ్యాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు. ఏ భాష నేర్చుకోవాలి ఆంటీ, ఏ కోర్సు చేయాలి ఆంటీ అని. వాటికి నా దగ్గర జవాబు లేదు. నేను నేర్చుకున్న భాషలన్నీ ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాయి. ఈ ఉద్యోగంలో మనుషులు ఎలా ఉంటారో, దేనికోసం కొట్టుకుంటారో మాత్రం చెప్పగలను. మేము ఎక్కువగా కొట్టుకున్నది ఎడిటర్ల గురించి.

పుర్రెకో బుద్ధి

మా ఆఫీసు పుదుచ్చేరిలో సారం అనే పేటలో, మందుల షాపు మీద మొదటి అంతస్తులో ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఊరి బయట సేదరపేట్ ఫ్యాక్టరీలకు కావలసిన ప్రోగ్రాములు రాసేవాళ్ళం. గోడౌన్‌లో ఎంత సరుకుంది, ఏ లారీలో ఏది ఎక్కింది, ఎవరు ఏ షిఫ్టుకు వచ్చారు, ఇలాంటివి. గొప్ప పనులేం కావు గానీ, మా ప్రోగ్రామ్ ఆగితే లారీ ఆగేది. లారీ ఆగితే డ్రైవర్ మా ఆఫీసుకే ఫోన్ చేసి తిట్టేవాడు.

ఎడిటర్ అంటే ప్రోగ్రామ్ రాసుకునే చోటు. అదీ ఒక ప్రోగ్రామే. మా అత్తగారికి కత్తిపీట ఉంటేనే వంకాయ తెగేది. నాకు చాకు కావాలి. ఇద్దరి కూరా ఒకటే, కానీ నా చాకు ఆవిడ చేతికిస్తే వేలు తెగేది, ఆవిడ కత్తిపీట ముందు నేను కూర్చుంటే ఇల్లంతా నవ్వేది. ప్రోగ్రామర్లకు ఎడిటర్ కూడా అంతే. చేతికి అలవాటైనదాన్ని వదలమంటే భార్యాబిడ్డల్ని వదలమన్నట్టు బాధపడతారు.

మాలో అందరికన్నా ముదిరిన కేసు సెల్వి. కారైక్కాల్ పిల్ల, తమిళమ్మాయి, మా మధ్య పడి తెలుగు నేర్చుకుంది. ఈమ్యాక్స్ అనే ఎడిటర్ వాడేది. దానికి ఎన్ని సొంత హంగులు అమర్చుకుందో ఆ తల్లికే తెలియాలి. ఒక మీట నొక్కితే రాసిందంతా వరసగా సర్దుకునేది, ఇంకోటి నొక్కితే సగం ప్రోగ్రామ్ దానంతటదే రాసుకునేది. కీబోర్డు మీద మీటల్ని కూడా తనకు నచ్చినట్టు అటూ ఇటూ మార్చేసింది. వాటి మీద అక్షరాలు అరిగిపోయి చాలా కాలమైంది. సెల్వి కూర్చుంటే ఆ కంప్యూటర్ వీణలా పలికేది, ఇంకెవరు కూర్చున్నా మొరాయించేది.

నా పిచ్చి వేరు. అక్షరాలు చిక్కుడు గింజంత లావుగా ఉండాలి, ప్రతి లైను పక్కన నంబరుండాలి. "సరోజక్క స్క్రీను రోడ్డు మీంచి కూడా చదవచ్చు" అని సెల్వి ఎగతాళి చేసేది. చదివితే చదవనీ, నాకేం, అనేదాన్ని.

ఇక దాము. కె. దామోదరన్ అని రిజిస్టర్‌లో పేరు. బాహూరు వైపు వ్యవసాయం చేసే తెలుగు కుటుంబం వాళ్ళది. కాలాపేట యూనివర్సిటీలో ఎంసీఏ చదివి, ఏడాది ట్రైనింగ్ మీద మా దగ్గర చేరాడు. ఏడాది తర్వాత పనితనం చూసి పర్మనెంట్ చేస్తామన్నది మాట. పొడుగ్గా, సన్నగా, అడిగితేనే మాట్లాడే మనిషి. అతను వాడేది వీఐ అనే పాతకాలం ఎడిటర్. అందులోనూ రంగులు పెట్టుకోవచ్చు, అప్పటికే అందరూ పెట్టుకుంటున్నారు కూడా. దాము మాత్రం రంగులన్నీ ఆపేసి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో పనిచేసేవాడు. "ఏంది దాము, బ్లాక్ అండ్ వైట్ టీవీ ఇంకా అమ్మలేదా?" అని అందరం ఆట పట్టించేవాళ్ళం. "కంటికి హాయిగా ఉంటాదక్కా" అని నవ్వి ఊరుకునేవాడు. ఎవరి పిచ్చి వారికానందం అని మేమూ వదిలేశాం.

పని మాత్రం చురుగ్గా చేసేవాడు. ఎక్కడ తప్పుందో చదువుతూ చదువుతూనే పట్టేసేవాడు.

చేతులు పైకెత్తిన సార్

మా యజమాని ఆర్. రంగరాజులు. మంచివాడు, కష్టపడి పైకొచ్చినవాడు, కోపం మాత్రం కర్పూరం. ఆయనా ఒకప్పుడు ప్రోగ్రాములు రాసినవాడే. ఆ జబ్బు పూర్తిగా వదల్లేదు. ఎవరైనా సెలవు పెడితే ఆ సీట్లో కూర్చుని పని చేయాలని చేతులు పీకేవి.

ఒకసారి సెల్వి తన చిన్నాన్న కూతురి పెళ్ళికి కారైక్కాల్ వెళ్ళింది. ఆ రోజే ఒక ఫ్యాక్టరీ నుంచి ఫోన్, ఏదో చిన్న మార్పు కావాలని. "దీనికి సెల్వి ఎందుకు, నేను లేనా?" అని సార్ ఆమె సీట్లో కూర్చున్నారు. రాసింది నచ్చక, వెనక్కి తీసుకుందామని లోకమంతా నొక్కే మీటలే నొక్కారు. ఎడిటర్ కిటికీ మొత్తం మాయమైపోయింది. దాన్ని వెతికి తెచ్చి, ఈసారి దాచుకుందామని ఇంకేదో నొక్కారు. ప్రోగ్రామ్‌లో సగం వచ్చి రెండోసారి అతుక్కుంది. సార్ చొక్కా చంకల్లో తడిసిపోయింది.

కల్యాణ మండపానికి ఫోన్ చేశాం. నాదస్వరం మోతలో సెల్వి గొంతు మా అందరికీ వినిపించేంత గట్టిగా అరిచింది. "సార్! దేన్నీ తొడొద్దు, ముట్టొద్దు సార్! చెయ్యి పైకి ఎత్తండి!" పోలీసు చెప్పినట్టు మా సార్ నిజంగానే రెండు చేతులూ పైకెత్తేశారు. నేను చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాను.

మర్నాడు అందరినీ పిలిచి నిలబెట్టారు.

"ఇంక సాలు. ఎవురి సీట్లో ఎవురు కూర్చున్నా పని జరగాల. కొత్త టూలు ఒకటి తెప్పించినా. రాసేదీ దాంట్లోనే, కలిపేదీ దాంట్లోనే. అందురికీ ఒకే ఎడిటరు, ఒకే సెట్టింగు. ఎవురైనా ఒక మీట మార్చినా, ఒక రంగు మార్చినా నేను మనిషిని కాను."

సెల్వి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను నా చిక్కుడు గింజల గురించి అడగబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాను. దాము తల బాగా వంచుకున్నాడు.

నిజం చెప్పాలంటే సార్ చెప్పిన కారణంలో తప్పు లేదు. మీ కంప్యూటర్‌ని మీరు తప్ప ఇంకెవరూ తాకలేని స్థితికి తెచ్చుకుంటే అది పనితనం కాదు, కాపురం. ఆఫీసులో కాపురాలు పెట్టకూడదు. ఆయన పట్టుకున్న జబ్బు సరైనదే, మందే మోతాదు మించింది. ఒకడికి తలనొప్పని ఊరందరికీ మాత్ర మింగించినట్టయింది.

ఆడలేక మద్దెల ఓడు

కొత్త టూలు చూడ్డానికి మహా అందంగా ఉండేది. తప్పు రాస్తే ఎర్రగీత, సరి చేస్తే అది పోయేది. దాంట్లో అందరూ మెచ్చుకున్నది మెర్జ్ తెర. ఒకే ప్రోగ్రామ్‌ని ఇద్దరు విడివిడిగా మారిస్తే, ఆ రెండింటినీ చివర్లో కలిపి ఒకటి చేయాలి. దాన్నే మెర్జ్ అంటాం. పాత లైన్లు ఎర్ర రంగు మీద, కొత్త లైన్లు ఆకుపచ్చ రంగు మీద కనిపించేవి. ఎర్రది తీసేయ్, ఆకుపచ్చది ఉంచు. ట్రాఫిక్ లైటంత సులువు. "చిన్నబిడ్డ కూడా చేస్తాది చూడు" అని సార్ వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేవారు.

ఆశ్చర్యమేమిటంటే, కొన్ని వారాలు సణిగి సణిగి అందరం దానికి అలవాటు పడ్డాం. సెల్వి కూడా. ఒక్క దాము మాత్రం రోజురోజుకీ వెనకబడ్డాడు. ఒక గంటలో చేసే పనికి పూటంతా కూర్చునేవాడు. తెరకు ముక్కు ఆనించి, ఒక్కో లైనే వేలితో చదువుకుంటూ పోయేవాడు.

ఒక ఉదయం ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీ నుంచి ఫోన్. లారీకి ఇచ్చే చీటీలు తారుమారవుతున్నాయట. ఒక లారీ సరుకు ఇంకో లారీ చీటీలో పడుతోందట. గేటు దగ్గర లారీలు వరస కట్టి, డ్రైవర్లు హారన్లు మోగిస్తున్నారు. ఫోన్లో ఆ హారన్లు మాకూ వినబడుతున్నాయి. ఆ తప్పు మేము అంతకు ముందే దిద్దినది. దిద్దినది మళ్ళీ ఎలా వచ్చిందని అడిగితే ఎవరూ తెలియదన్నారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ. వెతికి చూస్తే దాము చేసిన మెర్జ్‌లో దిద్దిన లైన్లు పోయి, పాత లైన్లు మిగిలాయి. ఉంచాల్సింది తీసేశాడు, తీసేయాల్సింది ఉంచాడు.

"నా తప్పే సార్" అన్నాడు దాము. ఎందుకలా జరిగిందంటే మాత్రం నోరు విప్పలేదు. కొన్నాళ్ళకే ఇంకో ఫ్యాక్టరీ ప్రోగ్రామ్‌లో మళ్ళీ అదే తప్పు చేశాడు.

ఆ రెండోసారి అతను నెమ్మదిగా, "సార్, నేను నా పాత ఎడిటర్లోనే చేస్తానే. పని సరిగ్గా వస్తాది" అని అడిగాడు.

సార్ భగ్గుమన్నారు. "ఆడలేక మద్దెల ఓడు అన్నాడంట నీలాంటోడు! అందురికీ సరిపోయిన మద్దెల నీ ఒక్కడికే ఓడా? ఎర్రది తీసేయ్, పచ్చది ఉంచు, ఇంతే గదా! ఇంత మాత్రం చూసుకోలేనోడికి ఏం పని ఈడ?"

దాము వెళ్ళాక నన్ను కూర్చోమన్నారు. "సరోజమ్మా, ఆ అబ్బాయికి ట్రైనింగ్ దసరాతో అయిపోతాది. పర్మనెంట్ చేసేది లేదు. పండగ సెలవలు అయినాక మీరే చెప్పి పంపించేయండి. నా నోటితో చెప్పలేను, మంచి పిల్లోడు."

మంచి పిల్లోడని ఒప్పుకుంటూనే పంపించేయమంటున్నారు. తప్పు చేసేవాళ్ళని నేను చాలామందిని చూశాను. అజాగ్రత్తగా ఉండేవాడు త్వరత్వరగా పనిచేసి తప్పు చేస్తాడు. దాము పూటంతా కళ్ళు పొడుచుకుని తప్పు చేస్తున్నాడు. ఆ రెండూ ఒకటి కావని అనిపించింది గానీ, తేడా ఎక్కడుందో ఆ రోజు చెప్పలేకపోయాను.

ముగ్గు

ఆయుధ పూజ మా ఆఫీసులో పెద్ద సందడి. పండగ నాడు సెలవు కాబట్టి ముందు రోజే చేసేవాళ్ళం. కంప్యూటర్లన్నీ తుడిచి, ఒక్కోదానికి గంధం, కుంకుమ బొట్టు పెట్టాలి. మౌస్‌కి కూడా బొట్టు. బొరుగులు, వేయించిన శనగపప్పు, బెల్లం, అరటిపళ్ళు. చివర్లో మెట్ల దగ్గర బూడిద గుమ్మడికాయ కొట్టడం. సెల్వి ఆ ఏడాది కూడా ఎవరూ చూడకుండా తన పాత ఎడిటర్ తెరిచిపెట్టి దానికే బొట్టు పెట్టింది. నేను చూసీ చూడనట్టు పోయాను.

హాలు మధ్యలో ముగ్గు. నేను చుక్కలు పెట్టి, తీగలు, ఆకులు, పూలు గీశాను. రంగులు నింపడం అందరి పని. పూలకు ఎరుపు, ఆకులకు ఆకుపచ్చ. సార్ తొందర చేస్తున్నారు, పూజారి వచ్చేస్తున్నాడు. సెల్వి రెండు రంగుల పళ్ళేలు తెచ్చి దాము చేతుల్లో పెట్టి, "నువ్వే మిగిలినావు, నింపెయ్" అని గంధం తీయడానికి వెళ్ళిపోయింది.

దాము పళ్ళేల వైపు చూశాడు. వాటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూశాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఒకటి తీసుకుని ఎంతో జాగ్రత్తగా, గీత దాటకుండా, నింపడం మొదలుపెట్టాడు.

నేను హారతి పళ్ళెంతో వచ్చేసరికి ముగ్గు పూర్తయింది. ఆకులన్నీ ఎర్రగా, పూలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి.

హాలంతా ఘొల్లుమంది. "ఏంది సామీ ఇది, యాడి చెట్టు?" అన్నారు సార్ కూడా నవ్వుతూ. "మోడర్న్ ఆర్ట్ సార్!" అంది సెల్వి. దాము కూడా నవ్వాడు, అందరికన్నా గట్టిగా నవ్వాడు. కానీ అతను ముగ్గు వైపు చూడలేదు, మా ముఖాల వైపు చూస్తున్నాడు. ఎందుకు నవ్వుతున్నామో తెలియని మనిషి నవ్వే నవ్వది.

నాకు సార్ అన్న మాట గుర్తొచ్చింది. ఎర్రది తీసేయ్, ఆకుపచ్చది ఉంచు. ఓరి నాయనో!

పూజ అయ్యాక బొరుగుల పొట్లం ఇచ్చే నెపంతో మేడ మీదికి పిలిచాను.

"దాము, ఆ ముగ్గులో ఆకులు ఏ రంగు వేసినావు?"

"పచ్చరంగే గదక్కా."

నేను తల అడ్డంగా ఊపాను. అతనికి అర్థమైపోయింది. పిట్టగోడ మీద చేతులు ఆనించి, వీధిలోకి చూస్తూ చెప్పాడు.

"రైల్వేలో డ్రైవర్ పనికి పరీక్ష రాసినానక్కా. పాసైనా. మా ఊరంతా చెప్పుకున్నారు. మెడికల్లో ఒక పుస్తకం చూపించినారు, రంగు రంగు చుక్కలు. దాంట్లో నంబరు చదవమన్నారు. నాకు నంబరే కనబళ్ళా. ఉత్త చుక్కలే. ఎరుపూ పచ్చా నాకు ఒకే తీరు, అదొక మట్టి రంగు. పుట్టినప్పట్నించీ అంతే. కంప్యూటరైతే అక్షరాలే గదా, రంగుతో పనేముంది అని ఇటు చదివినా. ఇప్పుడు ఈడ కూడా ఎర్రా పచ్చా అంటా ఉండారు."

"ఇది ముందే చెప్పుంటే ఏమయ్యేది పిచ్చోడా!"

"ఒకసారి చెప్పినందుకే గదక్కా రైల్వే వాళ్ళు పంపించింది. ఇంకోసారి చెప్పి ఇంకో పని పోగొట్టుకోనా? మీరు ఎవురికీ చెప్పొద్దు. నా మీద ఆన."

ఆన పెట్టేశాడు, నేనూ సరేననక తప్పలేదు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. చెబితే మాట తప్పినట్టు, చెప్పకపోతే పండగ తర్వాత నా నోటితోనే అతన్ని పంపించేయాలి. అన్నిటికన్నా బాధ ఏమిటంటే అతని నలుపు-తెలుపు ఎడిటర్. దాని గురించి ఎంత నవ్వాం! అది పిచ్చీ కాదు, పట్టుదలా కాదు. అతను నడవగలిగిన ఒకే ఒక్క దారిని అతనే వెతుక్కుని వేసుకున్నాడు. అందులో తీసేసిన లైను ముందు మైనస్ గుర్తు, కొత్త లైను ముందు ప్లస్ గుర్తు. రంగుతో పనే లేదు. ఆ దారిని మేము మూసేశాం.

ముల్లును ముల్లుతోనే

సెలవలన్నీ ఇదే ఆలోచన. పండగ పాయసం కూడా సయించలేదు. చివరికి ఒక ఉపాయం తోచింది. నోరు తెరవనని ఒప్పుకున్నాను గానీ, తెర మార్చనని ఒప్పుకోలేదు కదా.

ఆఫీసు తెరిచిన రోజు పొద్దున్నే సెల్విని పక్కకు పిలిచాను. "సార్ కంప్యూటర్లో రంగులన్నీ తీసేసి బూడిద రంగు చేయగలవా?"

"రెండు నిమిషం పని అక్కా. ఎందుకు?"

"అడక్కు."

"సార్‌కి కోపం వస్తాదా?"

"వస్తుంది."

"అయితే అడగను" అని సంతోషంగా వెళ్ళిపోయింది. ఎడిటర్ లాక్కున్నందుకు ఆ పిల్లకి ఇంకా మంట చల్లారలేదు.

సార్ రాగానే దగ్గరికి వెళ్ళాను. "సార్, దాముని పంపించే ముందు ఒక్కసారి మీరే మెర్జ్ చేసి చూపించండి. మీరు నేర్పలేదన్న మాట రాకూడదు." నేర్పడం అంటే ఆయనకు ప్రాణం. "పిలవండి అందుర్నీ" అన్నారు. మేమందరం ఆయన కుర్చీ వెనక చేరాం. దాము చివర నిలబడ్డాడు.

తెర తెరవగానే సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏంది ఇది, అంతా బూడిద పూసినట్టుండాది? రంగులు ఏమైనాయ్?"

"ఏదో సెట్టింగ్ తేడా వచ్చినట్టుంది సార్, తర్వాత చూద్దాం. పని ఆగకూడదు కదా. అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి, చేయండి" అన్నాను.

సార్ మొదలుపెట్టారు. మొదటి చోట ఆగారు. రెండు బూడిద పట్టీలు పక్కపక్కన. ఒకటి పాతది, ఒకటి కొత్తది, ఏ పక్కన ఏది వస్తుందన్న నియమం లేదు. ఎడమదాన్ని తీసేశారు. రెండో చోట కుడిదాన్ని తీసేశారు. మూడో చోట వేలు పెట్టి లైను లైనే చదవడం మొదలుపెట్టారు. తెరకు ముక్కు ఆనింది. అచ్చం దాము కూర్చునే తీరే. ఆయన చేసినదాన్ని నా కంప్యూటర్లో తెరిచి చూపించాను. లారీ చీటీల పాత తప్పు మళ్ళీ వచ్చి కూర్చుంది.

సార్ కుర్చీ వెనక్కి నెట్టారు. "రంగు లేకుండా ఏది పాతదో ఏది కొత్తదో ఎట్టా తెలుస్తాది సరోజమ్మా! ఎవురైనా ఎట్టా చేస్తారు?"

నేను పెదవి కరుచుకుని నిలబడ్డాను. నా వంతు అయిపోయింది, ఇక నా చేతిలో ఏమీ లేదు.

వెనక నుంచి దాము గొంతు వినిపించింది.

"నాకు రోజూ అట్టానే ఉంటాది సార్."

సార్ వెనక్కి తిరిగారు. దాము ముందుకొచ్చి, రైల్వే పరీక్ష దగ్గర్నుంచి ముగ్గు దాకా అంతా చెప్పేశాడు. ముగ్గు సంగతి వచ్చేసరికి సెల్వి రెండు చేతులతో నోరు మూసుకుంది. మోడర్న్ ఆర్ట్ అన్నది ఆమే కదా.

సార్ లేచి తన కుర్చీ దాము వైపు జరిపారు. "నీ పాత ఎడిటరు దీంట్లో పెట్టు. నాకు చూపించు."

దాము పెట్టాడు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, ప్లస్, మైనస్. సార్ మళ్ళీ కూర్చుని, రంగుల్లేని ఆ తెర మీదే, మెర్జ్ మొత్తం ఒక్క తప్పు లేకుండా చేశారు. చేసి మా అందరి వైపూ తిరిగారు.

"మద్దెల ఓడే" అన్నారు. "వాడు నిజమే చెప్పినాడు. నేనే ఇనలా."

ఆ పూటే దాము పర్మనెంట్ అయ్యాడు. సెల్వి ఏడుస్తూ వెళ్ళి పక్క వీధి బేకరీ నుంచి అందరికీ పఫ్‌లు తెచ్చింది. సార్ కంప్యూటర్‌కి రంగులు తిరిగి పెట్టడం మాత్రం సాయంత్రం దాకా మర్చిపోయింది. మర్చిపోయానని ఆమె అంటుంది, నేను నమ్మను.

మీకు చెప్పేది

ఆ తర్వాత ఆఫీసు కట్టుబాటు మారింది. ఎడిటర్ ఎవరి ఇష్టం వారిది. రాసిన ప్రోగ్రామ్ మాత్రం అందరూ చదవగలిగేలా ఒకే పద్ధతిలో ఉండాలి. సెలవు పెట్టేవాళ్ళు తమ కంప్యూటర్‌ని ఇంకొకరు వాడుకునేలా మామూలుగా సర్ది వెళ్ళాలి. ఈ ఆఖరిది సెల్వి కోసం పెట్టిందే. మేము ఫ్యాక్టరీలకు చేసే తెరల్లో కూడా ఎర్ర దీపం పక్కన 'ఆపు' అని, ఆకుపచ్చ దీపం పక్కన 'నడుపు' అని తమిళంలో రాయడం అప్పుడే మొదలుపెట్టాం. అది దాము పట్టుబట్టి చేయించిన పని.

ఇప్పటి పిల్లలకు నేను చెప్పేది ఇదే. మీ పక్క సీటువాడు వింత ఎడిటర్ వాడుతుంటే నవ్వండి, పరవాలేదు, నవ్వకపోతే ఆఫీసు ఎలా గడుస్తుంది? కానీ నవ్విన తర్వాత ఎందుకని కూడా అడగండి. పదింట తొమ్మిది సార్లు అది వట్టి పిచ్చే. నా చిక్కుడు గింజల్లాంటిదే. ఆ పదోసారి కోసమే అడగాలి. మీరు పెద్ద కుర్చీలోకి వెళ్ళాక అందరికీ ఒకే పనిముట్టు కొనిపెట్టాలని బుద్ధి పుడుతుంది. కొనండి. కొన్న తర్వాత ఒక పూట అందరికన్నా వెనకబడినవాడి సీట్లో, అతని తెర ముందు మీరే కూర్చుని చూడండి.

మరుసటి ఏడాది ఆయుధ పూజకు సార్ స్వయంగా రెండు రంగుల పళ్ళేలు తెచ్చి దాము ముందు పెట్టారు. "ఏది ఏదో చెప్పండి సార్" అన్నాడు దాము. "చెప్పను, నింపు" అన్నారు. వాడి అదృష్టం, ఆ ఏడు ఆకులు ఆకుపచ్చగా, పూలు ఎర్రగా సరిగ్గా కుదిరాయి. అందరి ముఖాలూ వాడిపోయాయి. "ఇది మన ముగ్గు కాదబ్బా, చెరిపెయ్" అన్నారు సార్. దాము పడీపడీ నవ్వాడు. ఈసారి ఎందుకు నవ్వుతున్నాడో అతనికి తెలుసు. చెరిపి మళ్ళీ నింపాం. అప్పట్నుంచి ఆ ఆఫీసులో ఆకులు ఎర్రవే, పూలు ఆకుపచ్చవే. కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే, "మా ఊర్లో చెట్లు అట్టానే ఉంటాయి" అని సార్ చెప్పేవారు.

నేను రిటైరైన రోజు పండగా కాదు, పబ్బమూ కాదు. మామూలుగానే ఆఫీసుకు వెళ్ళాను. మెట్ల దగ్గర పెద్ద ముగ్గు వేసి ఉంది. అప్పటికి టీమ్ లీడర్ అయిన దాము, చేతులకి రంగు అంటుకుని, పక్కన నిలబడి ఉన్నాడు.

"మీకోసం నేనే వేసినానక్కా, ఎవుర్నీ అడగలా" అన్నాడు. "రంగులు సరిగ్గా వచ్చినాయా?"

వంగి చూశాను. ఆకులు ఎర్రగా, పూలు ఆకుపచ్చగా ఉన్నాయి.

"సరిగ్గానే వచ్చినాయిరా" అన్నాను.